మితుల శాపం – ఒక గణిత చరిత్ర



ఛందశ్శాస్త్రం చదివినవారికి ప్రస్తారం కొత్త కాదు. పాదంలో ఒకే అక్షరం ఉంటే అది గురువో లఘువో కావాలి గనుక రూపాలు రెండే. రెండక్షరాలకు నాలుగు, మూడక్షరాలకు ఎనిమిది. ఆ ఎనిమిదే మనం చిన్ననాడు వల్లెవేసిన య, మ, త, ర, జ, భ, న, స గణాలు. అక్షరం ఒక్కటి పెరిగినప్పుడల్లా రూపాల సంఖ్య రెట్టింపవుతుంది. ఉత్పలమాల, మత్తేభ విక్రీడితాలు పుట్టిన కృతిచ్ఛందంలో పాదానికి ఇరవై అక్షరాలు. అందులో సంభవించే వృత్తాలు 10,48,576. ఇరవై ఆరక్షరాల ఉత్కృతికి వచ్చేసరికి ఆ సంఖ్య 6,71,08,864. అన్నిటినీ వరుసగా తాళపత్రాల మీద వ్రాసి చూపుతానని ఎవరైనా పూనుకుంటే ఆయుష్షు చాలదు. అక్షరాలు పెరిగింది ఆరే. పని పెరిగింది అరవై నాలుగు రెట్లు.

ఈ రెట్టింపుల లెక్కే ఇరవయ్యవ శతాబ్దపు గణితజ్ఞులను మరొక రంగంలో వేధించింది. ఆ బాధకు రిచర్డ్ బెల్మన్ అనే అమెరికా గణితజ్ఞుడు 1957లో ఒక పేరు పెట్టాడు. తెలుగులో చెప్పాలంటే అది ‘మితుల శాపం’. కృత్రిమ మేధ ఈ శాపాన్ని తొలగించివేసిందన్న మాట ఈ మధ్య తరచుగా వినవస్తున్నది. తొలగిందా? తొలగితే ఎంతమేరకు? దేనిని వదులుకొని? ఈ వ్యాసంలో విచారించదలచినది ఇదే. గణితం పేరు వినగానే వెనుదిరగవద్దని మనవి. ఇందులో సూత్రాలు లేవు, కథ ఉన్నది.

ముందుగా శాపానికి గురైనది ఏదో తెలుసుకుందాం. ఒక రాశి అనేక కారణాల మీద ఆధారపడి మారుతున్నప్పుడు, ఒక్కొక్క కారణాన్ని బట్టి అది ఎంత వేగంగా మారుతున్నదో గుర్తించి, ఆ వేగాల మధ్యనున్న సంబంధాన్ని చెప్పే సమీకరణాన్ని పాక్షిక అవకలన సమీకరణం అంటారు. కాలుతున్న ఇనుప కడ్డీలో వేడి ఎలా పాకుతుందో ఇటువంటి సమీకరణంతో వివరిస్తూ ఫ్రాన్సు దేశపు ఫూరియే 1822లో గ్రంథం వెలువరించాడు. గాలి, నీరు, ధ్వని, కాంతి, పరమాణువు – ప్రకృతిలో మనకు తెలిసిన నియమాలలో అధికభాగం ఈ భాషలోనే వ్రాయబడి ఉన్నవి. ఆ కారణాలలో ఒక్కొక్కదానిని ఇక్కడ ‘మితి’ అంటున్నాను. కడ్డీకి పొడవు ఒక్కటే మితి. గదిలోని గాలికి పొడవు, వెడల్పు, ఎత్తు అని మూడు.

సమీకరణం వ్రాయడం వేరు, సాధించడం వేరు. చాలా సమీకరణాలకు చక్కని సూత్రరూపంలో జవాబు దొరకదు. అప్పుడు చేసేది ఒకటే: ఆ ప్రదేశాన్ని గళ్ళుగా విభజించి, ప్రతి గడి దగ్గరా విలువను అంకెలతో లెక్కకట్టడం. ఒక్కొక్క మితికి పది గళ్ళు చాలుననుకుంటే కడ్డీకి పది, గదికి వెయ్యి. ఆరు మితులుంటే పది లక్షలు. నూరు మితులుంటే ఒకటి పక్కన నూరు సున్నాలు. మనకు కనబడే విశ్వంలోని పరమాణువుల సంఖ్యను ఒకటి పక్కన సుమారు ఎనభై సున్నాలుగా అంచనా వేస్తారు. అంటే లెక్క చేయడం మాట దేవుడెరుగు, గళ్ళకు పేర్లు పెట్టడానికైనా విశ్వం చాలదు.

* * *

మూడు మితులకే ఎంత శ్రమ పడవలసి వచ్చిందో మొదట చూపినవాడు ఇంగ్లండుకు చెందిన లూయిస్ ఫ్రై రిచర్డ్‌సన్. ఆయన క్వేకరు మతస్థుడు, యుద్ధానికి వ్యతిరేకి. మొదటి ప్రపంచయుద్ధంలో ఆయుధం పట్టక, ఫ్రాన్సు రణరంగంలో గాయపడినవారిని మోసే వాహనాల దళంలో పనిచేశాడు. ఆ తీరిక లేని తీరికలోనే 1910 మే 20వ తేదీనాటి వాతావరణాన్ని సమీకరణాల ద్వారా చేతితో లెక్కించడానికి పూనుకున్నాడు. మధ్య ఐరోపాలో ఒక చిన్న ప్రాంతానికి, ఆరుగంటల వ్యవధికి జరిగే మార్పు తెలుసుకోవడానికి సుమారు ఆరు వారాలు పట్టింది. 1917లో వ్రాతప్రతి పోయి, కొన్ని నెలల తరువాత బెల్జియంలో బొగ్గుకుప్ప కింద దొరికింది. ఆ గ్రంథం 1922లో అచ్చయింది.

ఇంత చేసినా జవాబు తప్పింది. వాయుపీడనం ఆరుగంటలలో 145 హెక్టోపాస్కల్‌లు మారుతుందని ఆయన లెక్కలో తేలింది; వాస్తవంలో ఆనాడు పీడనం దాదాపు కదలనే లేదు. తొలి గాలి కొలతలలో సమతూకం లేకపోవడమే ప్రధాన కారణమని, పద్ధతి మూలంలో సరైనదేనని తరువాతివారు తేల్చారు. రిచర్డ్‌సన్ తన వైఫల్యాన్ని దాచలేదు. గ్రంథంలో ఉన్నదున్నట్టు అచ్చువేశాడు. అంతటితో ఆగక, ఒక బ్రహ్మాండమైన మందిరంలో 64,000 మంది గణకులు కూర్చుని లెక్కలు కడుతూ ఉంటే భూగోళమంతటి వాతావరణంతో సమానంగా పరుగెత్తవచ్చునని ఊహించాడు. మూడు మితులకు అరవై నాలుగు వేలమంది! ఈ సంఖ్యను మనసులో ఉంచుకోండి.

1928లో జర్మనీలోని గోటింగెన్ సంప్రదాయానికి చెందిన రిచర్డ్ కూరాంట్, కుర్ట్ ఫ్రీడ్రిక్స్, హాన్స్ లెవీ కలిసి ఒక వ్యాసం ప్రకటించారు. ప్రదేశపు గళ్ళను చిన్నవి చేసినప్పుడు కాలపు అడుగును కూడా తగ్గించకపోతే లెక్క అదుపు తప్పుతుందని అందులో నిరూపించారు. గాలి విషయంలో గడి పరిమాణాన్ని సగం చేస్తే ప్రదేశానికి ఎనిమిది రెట్లు, కాలానికి రెండు రెట్లు, వెరసి పదహారు రెట్ల పని. అదే వ్యాసంలో మరొక బీజం కూడా ఉన్నది. గళ్ళ మీద ఇష్టం వచ్చినట్టు తిరిగే బాటసారి నడకకూ, సమీకరణం జవాబుకూ సంబంధం ఉందని వారు గమనించారు. ఆ బీజం మొలకెత్తడానికి ఇరవై ఏండ్లు పట్టింది. ఈలోగా 1933లో నాజీ ప్రభుత్వం కూరాంట్‌ను పదవి నుంచి తొలగించింది. కొద్ది సంవత్సరాలలో ముగ్గురూ అమెరికా చేరుకున్నారు. గోటింగెన్ దీపం ఆరింది. న్యూయార్కులో కూరాంట్ పేరిట నేటికీ గణితసంస్థ వెలుగుతున్నది.

1950లో చార్నీ, ఫ్యోర్‌టోఫ్ట్, ఫాన్ నాయ్‌మన్ ఎనియాక్ అనే తొలితరం ఎలక్ట్రానిక్ యంత్రం మీద వాతావరణాన్ని లెక్కించారు. ఎత్తు అనే మితిని పక్కనపెట్టి సమీకరణాన్ని సరళం చేసుకున్నారు గనుకనే అది సాధ్యపడింది. అప్పటికీ ఇరవై నాలుగు గంటల వాతావరణం చెప్పడానికి యంత్రానికి సుమారు ఇరవై నాలుగు గంటలు పట్టింది. తరువాత యంత్రాల వేగం పెరిగింది. మూడు మితుల సమస్య క్రమంగా లొంగింది. పెరిగిన వేగం ఇతర సమస్యలను కూడా లొంగదీస్తుందని చాలామంది ఆశించారు. శాపం సంగతి తెలియవలసింది ఇక్కడే.

* * *

1926లో ష్రోడింగర్ పరమాణు లోకపు సమీకరణాన్ని ప్రకటించాడు. అందులో ఒక్కొక్క ఎలక్ట్రానుకు మూడేసి మితులు కావాలి. హీలియంలో ఎలక్ట్రానులు రెండు గనుక ఆరు మితులు. ఒక్క నీటి అణువులో పది ఎలక్ట్రానులు, అంటే ముప్ఫై మితులు. మితికి పదేసి గళ్ళ లెక్కన ఒకటి పక్కన ముప్ఫై సున్నాలు. మనం పుక్కిట పట్టే నీటిలో ఒక్క అణువు కథ ఇది! రసాయన శాస్త్రానికి కావలసిన నియమాలన్నీ తెలిసిపోయాయి, ఆ సమీకరణాలను సాధించడం అసాధ్యమంత క్లిష్టం కావడమే మిగిలిన చిక్కు అన్న భావాన్ని డిరాక్ 1929లోనే వెలిబుచ్చాడు. నియమం తెలిసీ ఫలితం తెలియకపోవడమనే వింత స్థితికి అది తొలి గుర్తింపు అనవచ్చు.

బెల్మన్ ఈ చిక్కును మరొక దారిలో ఎదుర్కొన్నాడు. ఆయన కాలిఫోర్నియాలోని రాండ్ కార్పొరేషన్‌లో ఉంటూ, దశలవారీగా తీసుకోవలసిన నిర్ణయాలలో ఉత్తమమైనది ఏదో కనుగొనే పద్ధతిని రూపొందించాడు. గిడ్డంగిలో సరకు ఎంత ఉంచాలి, విమానాన్ని ఏ మార్గాన నడపాలి వంటి ప్రశ్నలివి. గిడ్డంగిలో ఒక్కరకం సరకుంటే ఒక్క మితి. యాభై రకాలుంటే యాభై మితులు. పద్ధతి సిద్ధాంతంలో ఎంత అందంగా ఉన్నదో ఆచరణలో అంత నిస్సహాయంగా మిగిలింది. ‘మితుల శాపం’ అన్న మాట 1957 నాటి ఆయన గ్రంథపు పీఠికలో ఉన్నది. తన పద్ధతి బలహీనతకు తానే పేరుపెట్టి పీఠికలోనే చెప్పుకోవడం పండితలక్షణం.

అయితే ఇక్కడొక ప్రశ్న. శాపం గళ్ళ పద్ధతికేనా, లేక ఏ పద్ధతికైనా తప్పదా? గళ్ళను వదిలి మరేదైనా ఉపాయం పన్నితే బయటపడగలమా? దీనికి సమాధానం 1959లో మాస్కో నుంచి వచ్చింది. నికొలాయ్ బఖ్వాలోవ్ అనే గణితజ్ఞుడు అనేక మితుల ప్రమేయానికి సమాకలని కట్టడమనే సమస్యను తీసుకున్నాడు. సమాకలని అంటే స్థూలంగా ఒక ప్రదేశమంతటా ఉన్న విలువల కూడిక. అవకలన సమీకరణాల సాధనకు ఇది దగ్గరి చుట్టం. ఆ చుట్టరికం ఎలాంటిదో ముందు చూస్తాం.

బఖ్వాలోవ్ వాదసారాన్ని తర్కసభలోని వాదప్రతివాదాలుగా ఊహించుకోవచ్చు. మీరొక పద్ధతి చెప్పండి: ఏయే బిందువుల దగ్గర విలువలు చూస్తారో ముందే ప్రకటించండి. ప్రతివాది మీరు చూడని ప్రతి గడిలోనూ ఒక చిన్న మెట్టను దాచిపెడతాడు. మీరు చూసిన చోట్లన్నీ నేల చదునుగానే కనబడుతుంది. మెట్టలున్న నేలకూ, లేని నేలకూ మీ దృష్టిలో తేడా లేదు. అసలు మొత్తాలలో మాత్రం తేడా ఉన్నది. కాబట్టి మీ లెక్క ఎంత తెలివైనదైనా రెంటిలో ఒకదాని విషయంలో తప్పక పొరబడుతుంది. చూడని గళ్ళు మిగలకుండా చూద్దామంటే గళ్ళ సంఖ్య మితులతో పాటు రెట్టింపులై పెరుగుతుంది. ప్రమేయం ఎంత నునుపుగా ఉంటే మెట్టలు అంత చిన్నవవుతాయి, కొంత ఊరట దొరుకుతుంది. అయితే నునుపు అంతే ఉండి మితులు పెరుగుతూపోతే ఆ ఊరట కరిగిపోతుంది.

ఈ నిరూపణ గొప్పతనాన్ని ఒక్కమాట చెప్పాలి. కంప్యూటరు శాస్త్రంలో ఫలానా సమస్య కష్టమని చెప్పే ఫలితాలు చాలావరకు నేటికీ నిరూపితం కాని ఒక ఊహ మీద ఆధారపడి ఉన్నవి. బఖ్వాలోవ్ ఫలితానికి ఆ ఆధారం అక్కరలేదు. యంత్రం ఎంత వేగమైనదైనా కావచ్చు. కావలసిన సమాచారమే చేతిలో లేనప్పుడు వేగం ఏం చేస్తుంది? ఈ దృష్టిని ఒక శాస్త్రంగా తీర్చిదిద్దినవారు అమెరికాకు చెందిన జోసెఫ్ ట్రాబ్, పోలండుకు చెందిన హెన్రిక్ వొజ్నియకోవ్‌స్కీ. 1980లో వెలువడిన వారి ఉమ్మడి గ్రంథం దీనికి పునాది. సమాచారం మీద ఆధారపడిన గణన క్లిష్టత అన్నది ఆ శాస్త్రానికి పేరు.

* * *

మన పురాణాలలో శాపానికొక ధర్మం ఉన్నది. ఇచ్చినవారు కూడా దానిని వెనక్కి తీసుకోలేరు. ఇంత జరిగితే విమోచనం కలుగుతుందని అవధి మాత్రం చెప్పగలరు. బఖ్వాలోవ్ నిరూపణ కూడా అటువంటిదే, దానిని ఎవరూ రద్దుచేయలేరు. అయితే ఆ నిరూపణలోనే కొన్ని షరతులు దాగి ఉన్నవి: ప్రతివాది మీ బిందువులను ముందుగా ఎరుగును, ప్రమేయం ఎలాంటిదైనా కావచ్చును, జవాబు ప్రతిసారీ నిశ్చయంగా ఉండాలి. ఈ షరతులలో దేనినైనా సడలిస్తే దారి తెరచుకుంటుంది. గత ఎనభై ఏండ్ల చరిత్ర అంతా ఈ సడలింపుల చరిత్రే.

మొదటి సడలింపు నిశ్చయాన్ని వదులుకోవడం. 1946లో స్తానిస్లావ్ ఉలామ్ అనే గణితజ్ఞుడు జబ్బుపడి కోలుకుంటూ ఒంటరిగా పేకాట ఆడుకొంటున్నాడు. ఆట గెలిచే అవకాశం ఎంతో సూత్రాలతో తేల్చడం దుర్ఘటమని గ్రహించి, నూరు ఆటలు ఆడి ఎన్ని గెలిచామో లెక్కపెడితే సరిపోతుంది కదా అనుకున్నాడు. ఈ ఆలోచనను ఫాన్ నాయ్‌మన్‌కు చెప్పాడు. వారి ముందున్నది పేకాట కాదు, అణ్వాయుధం. న్యూట్రాన్ ఎక్కడున్నదో చెప్పడానికి మూడు, ఏ వేగంతో ఎటు పోతున్నదో చెప్పడానికి మూడు, కాలం ఒకటి – ఏడు మితులు. గళ్ళకు లొంగని ఆ లెక్కను పాచికల వంటి యాదృచ్ఛిక సంఖ్యలతో సాధించారు. జూదానికి పేరుపడ్డ మాంటేకార్లో పట్టణం పేరు దానికి పెట్టమన్నది సహచరుడు మెట్రోపొలిస్. 1949లో ఆయన, ఉలామ్ కలిసి ప్రకటించిన వ్యాసంతో ఆ పేరు లోకానికి తెలిసింది.

యాదృచ్ఛికత వల్ల లాభం ఏమిటి? మీరు ఎక్కడ చూడబోతున్నారో ప్రతివాదికి తెలియదు గనుక మెట్టలను ఎక్కడ దాచాలో అతడికి తోచదు. దోషం పరీక్షల సంఖ్య వర్గమూలాన్ని బట్టి తగ్గుతుంది. ఒక దశాంశస్థానం అదనంగా కావాలంటే నూరు రెట్ల పరీక్షలు చేయాలి. ఇది నత్తనడకే. అయితే ఆ నడక మూడు మితులలోనూ అంతే, మూడువందల మితులలోనూ అంతే. కొండలెక్కినా మైదానంలో నడిచినా వేగం మారని నత్త ఇది.

ఇక ముందు చెప్పిన చుట్టరికం. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో మార్క్ కాట్స్ అనే గణితజ్ఞుడు, ఫైన్‌మన్ అనే భౌతికశాస్త్రజ్ఞుడు సహోద్యోగులు. ఉష్ణసమీకరణం వంటివాటి జవాబును, గాలిలో ధూళికణంలా తడబడుతూ తిరిగే అసంఖ్యాక పథికుల అనుభవాల సగటుగా వ్రాయవచ్చునని 1949 నాటి కాట్స్ వ్యాసం స్థాపించింది. ఇద్దరి పేరిటా అది ఫైన్‌మన్-కాట్స్ సూత్రంగా స్థిరపడింది. 1928 నాటి బీజానికి ఇది వృక్షం. నూరు మితుల సమీకరణానికి ఒక బిందువు దగ్గర జవాబు కావాలంటే గళ్ళన్నీ నింపనక్కరలేదు. ఆ బిందువు నుంచి కొన్ని వేలమంది పథికులను పంపి, వారు తెచ్చిన విలువలకు సగటు కడితే చాలు. ఇక్కడ రెండవ సడలింపును కూడా గమనించండి. మనం అడిగింది దేశమంతటి పటం కాదు, ఒక్క ఊరి సంగతి.

ఈ ఉపాయం అన్నిటికీ పనిచేయదు. ఎలక్ట్రానుల విషయంలో పథికులు తెచ్చే విలువలు కొన్ని ధనం, కొన్ని ఋణం అయి ఒకదానినొకటి రద్దుచేసుకొంటాయి. మిగిలే చిన్న శేషం గందరగోళంలో మునిగిపోతుంది. దీనికి సార్వత్రికమైన చికిత్స దొరకడం కంప్యూటరు శాస్త్రంలో అతికఠినమని పేరుపడ్డ సమస్యలన్నిటినీ సాధించడంతో సమానమని ట్రోయర్, వీజ్ 2005లో చూపారు. నీటి అణువు అంత తేలికగా లొంగదన్నమాట.

* * *

మూడవ సడలింపు ప్రమేయం ‘ఎలాంటిదైనా కావచ్చును’ అన్న షరతుకు సంబంధించినది. ఇక్కడ మళ్ళీ మన ఛందస్సు అక్కరకు వస్తుంది. కృతిచ్ఛందంలో ఉత్పలమాల ఎన్నవ వృత్తమో తెలియాలంటే లక్షల పంక్తుల ప్రస్తారం వ్రాయనక్కరలేదు. ‘ఉద్దిష్టం’ అనే ప్రక్రియ ఉన్నది. అక్షరాల మీద వరుసగా ఒకటి, రెండు, నాలుగు, ఎనిమిది అంటూ రెట్టింపు సంఖ్యలు వేసి, లఘువుల మీద పడినవాటిని కూడి, ఒకటి కలిపితే సరి. ఇరవై అక్షరాలకు ఇరవై అడుగులలో 3,55,799 అని తేలుతుంది. ప్రస్తారం అంత పెద్దదైనా దానిలో ఒక క్రమం ఉన్నది గనుక ఇది సాధ్యపడింది. క్రమం లేని కుప్ప అయితే వెదకడం తప్ప దారి లేదు.

గణితజ్ఞులు ఆ క్రమం కోసమే వెదికారు. 1963లో రష్యాకు చెందిన స్మొల్యాక్, మితులన్నీ ఒకేసారి పెనవేసుకోని ప్రమేయాలకు గళ్ళన్నీ అవసరం లేదని, పలుచని వల ఒకటి చాలునని చూపాడు. 1990 ప్రాంతంలో జర్మనీవారు దానిని అవకలన సమీకరణాలకు అనువర్తించారు. ఆస్ట్రియాలో పుట్టి, నాజీల బారినుంచి చిన్ననాడే తప్పించుకున్న వాల్టర్ కోన్ మరింత సాహసం చేశాడు. హొహెన్‌బర్గ్‌తో కలిసి 1964లో, ఎలక్ట్రానులు ఎన్ని ఉన్నా వాటి కనిష్ఠశక్తి స్థితిని తెలుసుకోవడానికి అన్ని మితుల ప్రమేయం అక్కరలేదని, ప్రతి చోటా ఎలక్ట్రానుల సాంద్రత ఎంతో చెప్పే మూడు మితుల ప్రమేయం సూత్రరీత్యా చాలునని నిరూపించాడు. ఆ సాంద్రత నుంచి శక్తిని రాబట్టే కచ్చితమైన సూత్రం మాత్రం ఎవరికీ దొరకలేదు. ఉజ్జాయింపులతోనే రసాయనశాస్త్రం నడుస్తున్నది. 1998లో ఆయనకు నోబెల్ బహుమానం వచ్చింది. మితులతో పెరిగే ఆ అడ్డంకిని కోన్ తన నోబెల్ ప్రసంగంలో ఒక గోడతో పోల్చాడు.

1990ల మధ్యలో జరిగిన మరొక ఘటన ఆశ్చర్యకరమైనది. ముప్ఫై ఏండ్ల గృహఋణాల మీద ఆధారపడిన ఒక పత్రం విలువ కట్టాలంటే నెలకొక మితి చొప్పున 360 మితుల సమాకలని కట్టాలి. కొలంబియా విశ్వవిద్యాలయంలో ట్రాబ్ శిష్యుడు పాస్కోవ్ దీనికి యాదృచ్ఛిక బిందువులు కాక, ప్రదేశమంతటా సమంగా పరచుకొనేలా ఏరికూర్చిన బిందువులను వాడి చూశాడు. ఇన్ని మితులలో ఆ పద్ధతి పనిచేయదని పెద్దల నమ్మకం. చేసి చూస్తే అది మాంటేకార్లోను మించిపోయింది. 1995లో ఆ ఫలితం ప్రకటించారు. కారణం తరువాత తెలిసింది. మితులు పేరుకు 360 అయినా వాటి ప్రాముఖ్యం సమానం కాదు, కొద్దిపాటి మితులే ఫలితాన్ని శాసిస్తున్నవి. స్లోన్, వొజ్నియకోవ్‌స్కీ 1998లో మితులకు ప్రాధాన్యాన్ని బట్టి తూకాలు వేసి, ఆ తూకాలు తగినంత వేగంగా తగ్గుతూపోతే శాపం తగలదని నిరూపించారు.

అలా ఏరికూర్చే బిందువుల నిర్మాణంలో మనవాని చేయి ఒకటి ఉన్నదని చెప్పుకోవడం అతిశయోక్తి కాదు. తెలుగు కుటుంబంలో పుట్టి, ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం చదివి, 2023లో నూట రెండేండ్ల వయస్సులో కన్నుమూసిన కల్యంపూడి రాధాకృష్ణారావుగారు 1940ల్లో ‘లంబ వ్యూహాలు’ అనదగిన అమరికలను ప్రతిపాదించారు. వ్యవసాయ క్షేత్రాలలోనూ, కర్మాగారాలలోనూ తక్కువ ప్రయోగాలతో ఎక్కువ విషయం రాబట్టడానికి అవి ఉపకరించాయి. సమంగా పరచుకొనే బిందువుల వలలు ఆ వ్యూహాలకే ఒక విస్తృతరూపంతో సమానమని 1996లో గణితజ్ఞులు చూపారు. అన్నిటినీ పరీక్షించకుండా, ఎంచుకున్న కొన్నింటితో అన్నిటికీ ప్రాతినిధ్యం కల్పించడం రెంటిలోనూ ఉన్న సూత్రం.

* * *

ఇక ఇటీవలి కథ. ఫైన్‌మన్-కాట్స్ సూత్రం సరళ సమీకరణాలకే నేరుగా వర్తిస్తుంది. బెల్మన్ సమీకరణం వంటి సరళం కానివాటిలో, పథికుడు దారిలో ప్రతి మజిలీ దగ్గరా ఆ సమీకరణం జవాబునే తెలుసుకోవలసి వస్తుంది. అందుకోసం అక్కడినుంచి మళ్ళీ పథికులను పంపాలి, వారు మళ్ళీ మరికొందరిని పంపాలి. రక్తబీజుని నెత్తురు చుక్కల్లా పథికులు పుట్టుకొస్తారు. 1990లో పర్దూ, పెంగ్ అనే ఇద్దరు, గమ్యం నుంచి వెనక్కి నడిచే యాదృచ్ఛిక సమీకరణాల సిద్ధాంతాన్ని స్థాపించి ఈ చిక్కుకు ఒక చట్రం కల్పించారు. 2017లో వీనాన్ ఇ, జియెచున్ హాన్, ఆర్నుల్ఫ్ యెంట్‌సెన్ ఆ చట్రంలో న్యూరల్ నెట్‌వర్కులను ఇమిడ్చారు. ప్రతి మజిలీ దగ్గరా కావలసిన తెలియని రాశిని యంత్రమే అభ్యాసంతో నేర్చుకుంటుంది. వారి 2018 వ్యాసంలో నూరు మితుల సమీకరణాలకు ఒక బిందువు దగ్గర జవాబు, ఒక శాతం కంటే తక్కువ దోషంతో, నిమిషాల వ్యవధిలో వచ్చింది.

శాపం పోయిందన్న సంబరం ఇక్కడినుంచే బయలుదేరింది. నిజంగా నిరూపితమైనది ఏమిటో విడదీసి చూడాలి. విలువల నిర్ణయానికి వాడే బ్లాక్-షోల్స్ రకం సమీకరణాల జవాబును ఇముడ్చుకోగల నెట్‌వర్కు, మితులతో అదుపులోనే పెరిగే పరిమాణంలో, ‘ఉన్నది’ అని నిరూపించారు. ఉండడం వేరు, దొరకడం వేరు. అభ్యాసం ఆ నెట్‌వర్కును తప్పక చేరుకుంటుందన్న పూచీ ఆ నిరూపణలో లేదు. మూడంటే మూడు కణుపుల నెట్‌వర్కుకైనా సరైన అమరికను కనుగొనడం సాధారణ సందర్భంలో అతికఠిన సమస్యే అని బ్లమ్, రివెస్ట్ 1980ల చివరనే చూపి ఉన్నారు. ఇంకొక వైపు, న్యూరల్ నెట్‌వర్కుల ప్రమేయం లేకుండా, ముతక లెక్కకు ఎక్కువమంది పథికులను, సున్నితమైన లెక్కకు తక్కువమందిని పంపే అంచెల పద్ధతి ఒకటి రూపొందింది. ఒక తరగతి అర్ధసరళ ఉష్ణసమీకరణాలకు అది శాపాన్ని దాటుతుందని 2020లో సంపూర్ణ నిరూపణ అచ్చయింది. అక్కడ జవాబూ ఉన్నది, దానికి చేరే దారీ ఉన్నది, పూచీ కూడా ఉన్నది. సంబరం మొదటిదానికి దక్కింది. నిరూపణ గౌరవం రెండవదానికి చెందాలి.

కనుక శాపం తొలగలేదు. బఖ్వాలోవ్ నిరూపణ 1959లో ఎలా నిలిచిందో నేడూ అలాగే నిలిచి ఉన్నది, రేపు రాబోయే ఏ యంత్రమూ దానిని కదపలేదు. జరిగినదల్లా విమోచనపు షరతులను ఒక్కొక్కటిగా కనుగొనడం. నిశ్చయానికి బదులు సంభావ్యత, మొత్తానికి బదులు ఒక్క బిందువు, ఎలాంటిదైనా అన్నదానికి బదులు క్రమమున్నది. ఈ మూడింటిలో ఏదో ఒకటి చెల్లించనిదే ఎవరూ ఇంతవరకు నూరు మితులను దాటలేదు.

ఇది గణితజ్ఞుల ముచ్చట మాత్రమే కాదు. గృహఋణపత్రాల విలువను 360 మితులలో చక్కగా కట్టగలిగిన లోకమే 2008లో ఆ పత్రాల మూలంగా కుప్పకూలింది. సమాకలని తప్పలేదు, దానికి ఇచ్చిన ఊహలు లోకంతో సరిపడలేదు. ఋణమిచ్చేటప్పుడు, మందు తయారుచేసేటప్పుడు, వరద హెచ్చరిక చేసేటప్పుడు ‘యంత్రం లెక్కకట్టి చెప్పింది’ అన్న మాట నేడు వేదవాక్కుగా చలామణి అవుతున్నది. అటువంటప్పుడు అడగవలసిన ప్రశ్న యంత్రం ఎంత పెద్దదని కాదు. ఏ షరతు మీద ఆ జవాబు వచ్చింది, ఏది చెల్లించి తెచ్చారు, పనిచేసిందని అంటున్నారా లేక పనిచేస్తుందని నిరూపించారా అని అడగాలి. తప్పిన లెక్కను కూడా దాచకుండా అచ్చువేసిన రిచర్డ్‌సన్, తన పద్ధతికున్న శాపాన్ని పీఠికలోనే చెప్పిన బెల్మన్ మనకు నేర్పిన మర్యాద అది.

గణితం తెలిసిన మిత్రులు ఈ పరిభాషకు ఇంతకన్నా మంచి తెలుగు మాటలు తోస్తే తెలియజేయవలసిందిగా ప్రార్థన. ముఖ్యంగా ‘మితి’ అన్న మాట మీకు సమ్మతమేనా?

స్వస్తి.